ఎన్ని చుక్కలు

పద్నాలుగు బనీన్లు నా బల్ల మీద,
నీలం రంగు, రొమ్ము మీద తెల్లగ వనపర్తి.
పేరు పైన ఎన్ని చుక్కలు కుట్టాలె?
నేనడిగింది గంతే.
గంటన్నర సంది నా మిషన్ నడుస్తలేదు.

"ఐదు" అన్నడు బుచ్చన్న సారు.
పీఈటీగ రిటైరై తొమ్మిదేండ్లు, మెడల ఈల ఇంకా ఉన్నది.
"ఐదుసార్లు గెల్సినం స్టేట్ కబడ్డీ. వేళ్లు మడిచి చెప్త."
"గెల్సింది పాలమూరు సారూ"
ఎరువుల దుకాణం ఈదన్న అందుకున్నడు,
"వనపర్తి జిల్లా అప్పటికి పుట్టనే లేదు.
పుట్టని పిల్లకు కాళ్ల కడియాలా?"

గాడ అంటుకున్నది.

కెప్టెన్ మక్తల్ మనిషి, ఇప్పుడు నారాయణపేట లెక్క.
కూతకు పోతే ముగ్గుర్ని ముట్టి వచ్చే ఉసేనప్పది అలంపూర్,
వాన్ని గద్వాల పట్టుకపోయింది.
చీలమండ దొరికితే ఇడువని ఎడమ మూలోడు కొల్లాపూర్,
నాగర్‌కర్నూలు ఖాతా.
మరి మనోడు?
మనోడు కుర్మయ్య, పెబ్బేరు.
ఫైనల్ల నలభై నిమిషాలు బెంచీ మీద కూసొని
తువాల అందిచ్చిండు.

"తువాలకు ఒక చుక్క" అన్నరెవరో.
అందరు నవ్విన్రు, సారు తప్ప.
"జిల్లాను చీరినట్టు కప్పును చీరుతర్రా?
భూమికైతే పాసుబుక్కు, కూతకేముంటది?"
ఈ మాటకు ఈదన్న కూడ ఊకున్నడు, జరసేపు.

జరసేపే.
"మూడో కప్పు సంగతి మర్సినవా సారూ?
సెమీస్ల నల్లగొండోళ్ల లారీ
డిండి వాగు కాడ ఇర్కపోయింది. వాళ్లు రానే లేదు.
సున్నం గీతల నడుమ మనమొక్కళ్లమే నిలబడి
చెయ్యి లేపిచ్చుకున్నం.
అది గెలుపా, వాన పెట్టిన భిక్షమా?"
"ఫైనల్ ఆడి గెల్సినం గద!"
"గెల్సిన్రు. ఒక్క పాయింటు.
బోనస్ గీత మీద దుమ్ము లేస్తే
రిఫరీ కండ్లు నులుముకుంట ఇచ్చిన పాయింటు."
సారు ఈల నోట్లె పెట్టుకున్నడు. ఊదలేదు.

తర్వాత డ్రా కాయితం తీసి నా కత్తెర పక్కన పరిచిన్రు.
ఖమ్మం, సిద్దిపేట, ములుగు.
ములుగును కొడ్తం. ఖమ్మంతోని ఎట్లనో బయట పడ్తం.
సిద్దిపేటోళ్లు మ్యాట్ మీదనే పుట్టినట్టు జారుతరు,
మన పిల్లలది కంకర ఏరుకున్న మట్టి.
రెండో స్థానమే అనుకో,
క్వార్టర్స్‌ల ఎదురొచ్చేదెవరు?
ఈదన్న వేలు గీత పట్టుకొని పోయి పోయి ఆగింది.
నారాయణపేట.

దుకాణంల ఫ్యాన్ సప్పుడు ఇనబడ్డది.
వాళ్ల రొమ్ముల మీద కూడ ఐదు చుక్కలుంటయా?
ఈ ఐదేనా?

నేను చెప్పలేదు గని,
నాలుగో కప్పు బనీన్లు మా నాయిన కుట్టినయి.
మహబూబ్‌నగర్ అని రాస్తే రొమ్ము సాలకపోయేది,
చివరి అక్షరం సంక కిందికి పోయేది.
చెయ్యి ఎత్తితే గని జిల్లా పూర్తి కాకపోయేది.
గెల్సిన నాటి ఫోటోల మాత్రం
అందరి మీద పూర్తిగ ఉన్నది.

గప్పుడొచ్చిండు పదో నంబరు, ఖిల్లాఘణపురం తండా పిలగాడు,
లక్పతి. మోకాళ్ల నిండ ఎర్రమన్ను.
వాన్ని మధ్యల నిలబెట్టి అడిగిన్రు:
"నువ్వు చెప్పురా, మనవి ఎన్ని కప్పులు?"
వాడు సారును చూసిండు, ఈదన్నను చూసిండు,
కాయితం మీద కత్తెరను చూసిండు.

"అక్కా, చుక్కలు తర్వాత కుట్టు.
పక్కటెముకల కాడ రెండు వరసలెయ్యి.
పోయినసారి గిక్కడనే పట్టి గుంజిన్రు."
చెయ్యి పైకెత్తి చూపిచ్చిండు.

నేను సూదిల దారం మార్చిన.
ఎనక సారు మళ్ల మొదటి వేలు మడుస్తుండు.