నాక్ వాళ్ళొచ్చే ముందురోజు

బీరువా తాళం నా దగ్గరే ఉంటుంది.
రేపు నాక్ బృందం వస్తోందని
మేష్టర్లు రాసిన పుస్తకాలన్నీ బల్లమీద పరిచాను.

దుగ్గిరాల లాకుల దగ్గర
పడవలు కట్టిన సుంకం రసీదులతో
పాతికేళ్ళు కాపురం చేసిన చరిత్ర మేష్టారు.
మౌనం మీద నాలుగొందల పేజీలు మాట్లాడిన
తత్వశాస్త్రం మేడమ్.
ఆవిడ రిటైరయ్యాక ఆ శాఖే మౌనంలోకి వెళ్ళింది.

అన్నిటికన్నా పల్చనిది జెరీనా మేడమ్‌ది.
మిర్చియార్డులో తొడిమలు తీసే ఆడవాళ్ళ నోట
దగ్గుకున్న పదకొండు పేర్లు.
సొంత డబ్బుతో అచ్చు. ఐఎస్‌బీఎన్ లేదు.
ఫారంలో ఆ గడి ఖాళీగా ఉంటే
కంప్యూటర్ ముందుకు పోనివ్వదు.

పోయిన మే నెల, గుంటూరు ఎండలో,
ఏటుకూరు నుంచి ఒకామె వచ్చింది.
చేతులు కొంగుకు తుడుచుకుని
"మా అత్త చెప్పిన మాట ఇందులో ఉందంట" అంది.
వెతికి, చదివి వినిపించాను.
"అట్టా కాదయ్యా, ఇంకా లోపల్నించి"
అని దగ్గి చూపించింది.

ఆ దగ్గు ఎక్కడ రాయాలో తెలీక
మార్జిన్‌లో పెన్సిల్‌తో చిన్న గీత గీశాను.
ఆమె వేళ్ళు ఆనినచోట
కాగితం ఇంకా ఘాటుగానే ఉంది.

రేపు బృందంలో ఎవరైనా
ఆ పేజీ తెరిచి తుమ్మితే
సైటేషన్ల గడిలో
ఒకటి వేసుకుంటాను.