ఆరో గడి

సోమవారం కమిటీ వస్తా ఉంది.
శనివారం మధ్యాహ్నానికి నా టేబుల్ మీద
నూటా నలభై ఏడు మంది బతుకులు,
మనిషికొక వరుస.
పేరు, హోదా, చదువు, చేరిన తేదీ,
అనుభవం, పరిశోధనాసక్తి.
ఆరో గడిలో నలభై అక్షరాలే పడతాయి.
మించితే మిషను మింగేస్తుంది.
నాది ఔట్‌సోర్సింగ్. నాకు వరుస లేదు.

బోటనీ చెంగల్రాయులు సార్
ఎర్రచందనం విత్తుకు అంత మొద్దునిద్ర ఎందుకని
ఇరవై రెండేండ్లుగా అడుగుతా ఉండాడు.
పేడనీళ్ళలో నానేస్తాడు, ఎండబెడతాడు,
మళ్ళీ నానేస్తాడు.
దుంగలకు కావలి కాసేదానికి తుపాకులుండాయి,
మొలకకు ఆయప్ప ఒక్కడే.
గడిలో పట్టింది: విత్తన శాస్త్రం.

స్టాటిస్టిక్స్ ఖాదర్‌వలి సార్‌ది క్యూల లెక్క.
మనిషి ఎంతసేపు నిలబడితే ఓపిక తెగుతుందో
సూత్రం కట్టినాడంట.
బస్టాండులో పీలేరు బస్సుకు
అందరికంటే ముందు విసుక్కునేది ఆయనే.

హిస్టరీ గోవిందస్వామి సార్ ఆ గడి వదిలేసినాడు.
"సార్, ఆసక్తి?"
"రొంత తగ్గిందమ్మా."
మార్చిలో రిటైరు.

తెలుగు శాఖ అమృతవల్లి మేడమ్
ఊర్ల పేర్లు తవ్వుతుంది.
మాది చిన్నగొట్టిగల్లు అంటే
కళ్ళద్దాలు సర్దుకుని రాసుకునింది.
"గల్లంటే కల్లే, కల్లంటే రాయి పాపా."
ఇన్నేండ్లు రాతిమీద తిరిగిన సంగతే తెలీదు నాకు.

జియాలజీ మునికుమారి మేడమ్ కాడ
వరుస ఎర్రగా వెలిగింది.
పీహెచ్‌డీ రెండువేల ఆరు. ఉద్యోగం రెండువేల పది.
నడుమ నాలుగేండ్లకు లెక్క చెప్పమంటుంది.
ఫోన్ చేస్తే వచ్చింది.
భుజాన సంచి, సంచిలో సుత్తి,
చీర అంచుకు ఘాట్‌రోడ్డు దుమ్ము.

"ఏం రాయమంటారు మేడమ్ ఇక్కడ?"

కుర్చీ లాక్కుని కూర్చునింది.
"కొండెక్కే దావలో ఒక గీత ఉంది, చూసినావా?
గీతకు కింద పాత రాయి, పైన కొత్త రాయి.
నడుమ చెయ్యి దూరే సందు గూడా లేదు.
ఆ లేని సందులోనే
ఎనభై కోట్ల ఏండ్లు పోయినాయి.
వాన తినిందో, గాలి తినిందో.
నా థీసిస్ ఆ గీత మీదే."

సీసా ఎత్తి గుటగుటా నీళ్ళు తాగింది.

"నోటిఫికేషన్ కోర్టులో పడింది.
నాలుగేండ్లు అలిపిరిలో సామాన్ల కౌంటరు.
సంచి తీసుకో, టోకెన్ ఇయ్యి.
ఎవరి మూటన్నా రాయంత బరువుంటే
ఏ రాయో విప్పి చూడాలని చెయ్యి గుంజేది.
తలెత్తితే ఎదురుగా నా థీసిస్,
అంత పొడుగున,
మబ్బు కప్పుకొని.
సరే, రాయి ఆ మాట."

రాసినా.
"సంస్థ పేరు చెల్లదు" అనింది మిషను.
తిప్పి రాసినా. ఎరుపే.
అలిపిరి తీసేసి చూసినా. ఎరుపే.
ఆయమ్మ నా మీదుగా వంగి
రాతిపొడి అంటిన వేలితో
ఒక అడ్డగీత కొట్టింది.

వరుస పచ్చబడింది.

"అంతే పాపా. కొండమీద గూడా
అంతే కనబడేది" అని
సుత్తి సర్దుకుని లేచింది.
పిల్లోళ్ళు జీపులో కాచుకోనుండారంట.

ఆరున్నరకు ఫైలు పంపించి
కంప్యూటరు ఆపతా ఉంటే ఫోను.
చెంగల్రాయులు సార్, రొప్పుతా.
"మూడో తొట్లో రెండు లేచినాయమ్మా!
ఎక్కించేదానికి అవుతుందా?"
"పంపేసినాను సార్."
ఆ పక్క కొంచెంసేపు
నీళ్ళు చిలకరించే చప్పుడు.
"సర్లే, వచ్చే కమిటీకి
నాలుగాకులన్నా వేసుంటాయి" అని
ఫోను పెట్టేయడం మరిచిపోయి
ఎవరితోనో మాట్లాడతా ఉండాడు,
మెల్లగా, బుజ్జగిస్తా.
ఆ గదిలో ఆయప్ప తప్ప
ఇంకెవురూ ఉండరు ఆ పొద్దులో.