పదిహేను నిమిషాలు

బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీసి
నాన్న చేతి గడియారం విప్పి బానెట్ మీద పెట్టాడు.
"ఇక ఏదీ ముట్టుకోకు.
కరెంటు పోయిందని దానికింకా తెలియదు."
కంపెనీ పుస్తకంలో మూడు నిమిషాలే రాసుంది.
నాన్న లెక్కలో పదిహేను.

రీగా శివారులో అద్దె షెడ్డు.
రేకుల మీద మార్చి మంచు కరిగి
చుక్క వెనక చుక్క, తొందరేం లేకుండా.
పైన్ చెట్ల అవతల బికెర్నియెకి ట్రాక్ మీద
ఎవరో ఒక్కరే తిరుగుతున్నారు,
మలుపు దగ్గర గొంతు తగ్గించి
మళ్ళీ ఎత్తుకుంటూ.

ఈ సివిక్‌దీ నాదీ ఒకటే వయసు, పంతొమ్మిది.
నిన్నటిదాకా ఒక సంగీతం టీచరమ్మది.
సీటు పట్టాల సందుల్లో ఆమె బతుకు దొరుకుతోంది:
నీలం జడపిన్ను, విరిగిన పెన్సిలు,
రుమాలు కొసన ముడేసిన ఒక పాలపన్ను.
దాన్ని మాత్రం నాన్న చెత్తబుట్టలో వెయ్యలేదు.

తివాచీ పీకేశాం. వెనక సీటు, రేడియో,
తలుపుల లోపలి దూది, తలమీది గుడ్డ
ఒక్కొక్కటే తూచి
గోడ మీద సుద్దతో రాశాడు నాన్న.
మెత్తనివన్నీ బరువేనట పందేనికి.

పద్దెనిమిది... కాదు, ఇరవై ఆరేళ్ళు
ఆయన అగ్నిమాపక దళంలో ఉన్నాడు.
యుర్మల రోడ్డు మీద తెల్లవారుజామున
హైడ్రాలిక్ కత్తెరతో తలుపులు చీల్చిన చేతులివి.
ఇంటికొచ్చి నోరు విప్పేవాడు కాదు.
ఒక్కసారే, పొయ్యి ముందు నిలబడి పాలు కాస్తూ:
"సంచి విచ్చుకుంది.
పిల్లాడి కనురెప్పల మీద తెల్లటి పొడి.
తుమ్మాడు."
అంతే.
పాలు పొంగిపోయాయి.

ఆ మనిషే ఇప్పుడు
నా ఎదురుగా ఉన్న సంచిని తీసేయబోతున్నాడు.

పక్క షెడ్డు గునార్స్ టీ ఫ్లాస్కుతో వచ్చాడు.
"అమ్మెయ్ వాల్దిస్, నలభై యూరోలు ఎటూ పోవు."
"అది మందుగుండు. సంతలో బంగాళాదుంప కాదు."
గునార్స్ టీ కూడా పొయ్యకుండా వెళ్ళిపోయాడు.

"ఇది లేకుండా భయం లేదా నీకు?" అడిగాను.
"హెల్మెట్ పెట్టిన తలకి అది గుద్దే.
ఆరు పట్టీలు నిన్ను సీటుకేసి కుట్టేస్తాయి,
చుట్టూ ఇనుప పంజరం.
ముందుకు పడని మనిషికి ముందు దిండెందుకు?"
లెక్క సరిగ్గానే ఉంది.
అడిగింది మాత్రం అది కాదు.

పదిహేనో నిమిషం.
తలుపు అంచున రంగు పోయిన చోట
వట్టి ఇనుమును అరచేత్తో తాకాడు,
ఒంట్లో దాగిన చిన్న మెరుపు ఏదైనా ఉంటే పోవడానికి.
స్టీరింగ్ వెనక రెండు మరలు.
పసుపుపచ్చ క్లిప్పు, చిటికెడంత శబ్దం.

బయటికి తీశాడు.
నిద్రపోతున్న పిల్లను మోసినట్టు కాదు,
ఒంటికి ఆనించుకోకూడదు దాన్ని.
చేతులు బారజాపి, ముఖం అటు తిప్పి
బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టాడు.
బోర్లా వేస్తే, పేలినప్పుడు అదే ఎగిరొస్తుందట.

పంతొమ్మిదేళ్ళు మడతల్లో ఊపిరి బిగబట్టి
ఎవరూ పిలవని ఒక్క క్షణం కోసం కూర్చున్నది.
టీచరమ్మకి దాని ముఖమైనా తెలియదు.
తూకం రాయలేదు నాన్న.

తీగ మళ్ళీ తగిలించగానే
డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం,
పొట్ట ముందు బంతి పెట్టుకున్న చిన్న మనిషి.
"ఆ బల్బు తీసేద్దామా?"
"ఉండనీ. అబద్ధమేం చెప్పట్లేదు కదా."

కొత్త సీటులో కూర్చోబెట్టి
పట్టీలు ఒక్కోటీ లాగి బిగించాడు.
భుజాలు, నడుము, తొడలు.
"ఊపిరాడుతోందా, అగ్నెసె?"
పీకేసిన తివాచీ దుమ్ము ఇంకా గాల్లోనే ఉంది.
తుమ్మాను.

నాన్న గోడవైపు తిరిగి
సుద్దముక్క కోసం చాలాసేపు వెతికాడు.
అది ఆయన చేతిలోనే ఉంది.