ఒక్క పీసు

"ఒక్కటేనా?"
గాజువాక ఆటోనగర్‌లో
ఏడు లేతు షాపులు నన్నడిగిన మాట.
వంద చెప్పు, చేస్తాం. యాభై అంటే ఆలోచిస్తాం.
ఒక్క పీసుకి సెట్టింగు పెట్టుకుంటే
కరెంటు డబ్బులైనా రావు తల్లీ.

నా చేతిలో కేలండరు కాగితం.
ముందువైపు ఆగస్టు నెల, పాలలెక్క.
వెనకవైపు ఒక కొక్కెం, దాని మెడకి బుష్షు,
బుష్షులో తిరిగే పిన్ను,
పిన్నుని వెనక్కి లాగే సైకిలు బ్రేకు స్ప్రింగు.
మా పోలయ్య మామ ఎడమచేతికి
బొటనవేలూ చూపుడువేలూ కావాలి.
హార్బరులో విన్చి పట్టుకుపోయినవి
విన్చి తిరిగివ్వదు కదా.
మూడేళ్ళుగా వలని పళ్ళతో పట్టి ముడేస్తున్నాడు.
పెదవి మూల నైలాను తాడు కోసిన గీత
మానుతుంది, మళ్ళీ తెగుతుంది.

నేను డాబాగార్డెన్స్‌లో జెరాక్సు షాపులో పనిచేస్తాను.
ఇంజనీరింగు పిల్లల ప్రాజెక్టులు బైండు చేస్తూ
డ్రాయింగు చదవడం దొంగచాటుగా నేర్చుకున్నాను.

ఇత్తడి కంచరపాలెం పాతసామాన్ల కొట్లో దొరికింది.
ఏదో ఓడ వాల్వు, చిలుమెక్కి ఆకుపచ్చగా.
దానిమీది అక్షరాలు ఏ దేశానివో
నాకు తెలీదు, కొట్టువాడికి తెలీదు.
కాటాకి మాత్రం తెలిసింది: కిలో రెండొందల గ్రాములు.
చింతపండేసి తోముతుంటే
"ఏ పూజకే?" అంది అమ్మ.

ఎనిమిదో షాపు జలీల్ మేస్త్రిది.
కరెంటు పోయింది కాబట్టి విన్నాడు.
కాగితం తిప్పి ఆగస్టు కూడా చదివాడు.
"మిల్లీమీటర్లు వదిలెయ్, నూళ్ళలో చెప్పు" అన్నాడు.
శనివారానికి పీసు, నాలుగొందలు.

మామ తొడుక్కున్నాడు.
కొక్కెం లోపలికి కాక సముద్రం వైపు చూసింది.
ఎదురుగా కూర్చుని
ఆయన ఎడమకి నా కుడి ఆనించి కొలిచాను, అదీ సంగతి.
"అద్దంలో సెయ్యి గీసేసేవే గుంటా" అని
పడీపడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.
ఆ పీసు ఇప్పుడు షాపులో
ఫేను గాలికి కాగితాలు ఎగరకుండా కాస్తోంది.

"ఈసారి కాగితం తేకు, చెయ్యి తే" అన్నాడు మేస్త్రి.

తెచ్చాను. సిటీబస్సులో, కిటికీ పక్కన కూర్చోబెట్టి.
లేతు మీద గుడ్డ పరిచి
వెల్డింగు రాడ్డు ముక్కని ఆ అరచేతి చుట్టూ
మెల్లగా వంచాడు జలీల్ మేస్త్రి,
గాజుల కొట్లో కొలత తీసినట్టు.
"ఏ మిషను?"
"విన్చి."
"నాది షేపరు" అని తన చిటికెనవేలి మొండి చూపించాడు.
ఆ తరవాత ఇద్దరూ
టీ పదిహేను చెయ్యడం అన్యాయమని మాట్లాడుకున్నారు.

ఇత్తడి ఉక్కులా చుట్టలు చుట్టుకోదు.
రవ్వలా రాలుతుంది, ఉప్మా రవ్వలా.
రాత్రి తల దువ్వుకుంటే
దువ్వెన పళ్ళలో మెరిసింది ఓ చిటికెడు.

నిన్న సాయంత్రం, జెట్టీ మీద,
ఒకటి. రెండు. తడబడి, మూడు.
తరవాత నేను లెక్కపెట్టినట్టు ఆయనకి తెలియనివ్వలేదు.
పళ్ళకి పనిలేక
మధ్యలో బీడీ కూడా పెట్టుకున్నాడు.
పదకొండు ముళ్ళు.
పన్నెండోది జారింది.

తడి నైలాను నున్నటి ఇత్తడి మీద నిలవదట.
కొక్కెం లోపల ఆకురాయితో గంట్లు పెట్టాలట,
పీత డెక్కలో ఉంటాయే, అలాంటి పళ్ళు.
"ఎంత లోతు?" అన్నాను.
"అది సెప్తే వచ్చీది కాదే" అన్నాడు.

సెప్టెంబరు కాగితం తీసి
ఈసారి ఆయన పక్కకెళ్ళి కూర్చున్నాను.