ఏడుగురు కూర్చున్న చోట

బలిసిన పిల్లే పోయింది.
తోలోగోన్ ఆ మాట మూడుసార్లన్నాడు
టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని.
"బక్కది కాదు డాక్టరమ్మా, కుంటిది కాదు,
తల్లి రెండు చన్నులూ ఒక్కటే తాగి పెరిగింది."

నరీన్ కొండల మీద మంచు కరిగి మూడో వారం.
గడ్డి చీలమండ దాటింది.
పాత జీపు వాగులో రెండుసార్లు ఆగిపోయి
నేను చేరేసరికి పిల్ల పక్కకి ఒరిగి ఉంది
మెడ వెనక్కి విరుచుకుని,
ఎవరో పైనుంచి పేరు పెట్టి పిలిచినట్టు.
కాళ్లు పడుకునే పరిగెత్తి పరిగెత్తి
మట్టిలో నాలుగు నెలవంకలు గీసి ఆగాయి.

తోడేలా? పంటిగాటు లేదు.
దిష్టా? అంది అతని భార్య బురులచ
అడగడానికి సిగ్గుపడుతూ.

రంపంతో పుర్రె తెరిచాను.
మెదడు ఉబ్బి, తన ఇంట్లో తానే ఇరుక్కుని,
సందు దొరకగానే బయటికి పొంగింది
పొయ్యి మీద మరిచిపోయిన పాలలా.

"మీ గుడారం గోడకి కుట్లున్నాయా?" అన్నాను.
బురులచ నవ్వింది.
నేయని కంబళికి కుట్టేమిటి?
ఉన్ని పరిచి, వేడినీళ్లు పోసి, చాపలో చుట్టి
తొక్కి, మోచేతులతో నొక్కి
వెంట్రుక వెంట్రుకని పట్టుకునేదాకా వదలం.

నెత్తుటికీ మెదడుకీ మధ్య గోడ కూడా అంతే.
సన్నటి నాళాల్లో కణం కణాన్ని పట్టుకుని
చక్కెరకి పేరడిగి దారిస్తుంది
ఊపిరిని ఆపదు
మిగతా అందరినీ గుమ్మంలోనే నిలబెడుతుంది.

పేగుల్లో ఒక జీవి కాపురముంటుంది
ఏ గొడవా లేకుండా.
అరకడుపు రోజుల్లో అది సాధువు.
చిక్కటి పాలు, లేతగడ్డి ఒక్కసారి దిగిననాడు
తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం మొదలెడుతుంది.
అది కక్కేది మొద్దు కత్తే.
పదును పెట్టేది మాత్రం
గొర్రెపిల్ల సొంత జీర్ణరసం.

తరవాత ఆ విషం నెత్తుటి వెంట వచ్చి
ఏడుగురు ఏడుగురుగా
నాళం గోడ మీద గుండ్రంగా కూర్చుంటుంది.
తలుపు పగలదు. కేక వినపడదు.
కూర్చుంటారు, అంతే.
వాళ్ల నడుమ ఒక రంధ్రం.

బురులచ తలెత్తింది.
గుడారం నడినెత్తిన తుందుక్,
పొగ పోయే, వెలుగు దిగే కర్రచక్రం.
"అలాంటిదా?"
అలాంటిదే. ఉండకూడని చోట.
దాంట్లోంచి వెలుగు రాదు, నీరొస్తుంది.

వాళ్లకి చెప్పనిది ఒకటుంది.

మా అక్క ఉల్జాన్, బిష్కెక్ ఆసుపత్రిలో పదకొండు నెలలు.
తలలో ఆప్రికాట్ గింజంత గడ్డ.
మందు చేతి నరంలో దిగి
జుట్టు రాల్చింది, గోళ్లు నల్లబరిచింది,
నాలుక మీద ఉప్పుని కూడా చేదు చేసింది,
ఒళ్లంతా తిరిగి తిరిగి
ఆ గోడ దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది.
"చాలా గట్టి గోడ" అన్నాడు పెద్ద డాక్టరు
దాన్ని మెచ్చుకుంటున్నట్టు.

పదకొండు నెలలు తట్టినా తెరుచుకోని తలుపు
ఒక్క రాత్రిలో, గడ్డి తిన్న పాపానికి,
ఒక గొర్రెపిల్లకి తెరుచుకుంది.
కత్తి చేతిలో పట్టుకుని
నాకు జాలి రావలసిన చోట
అసూయ వచ్చింది.

చీకటి పడేదాకా టీకాలు.
రెండొందల పన్నెండు మెడలు
మోకాళ్ల మధ్య బిగించి, ఉన్ని పాయ తీసి, గుచ్చి, వదిలి.
పిల్ల పోయిన తల్లి పాలు కట్టి అరుస్తుంటే
తోలోగోన్ కొడుకు అక్‌జోల్ చెంబు పట్టుకుని
దాని వెనక ఎన్ని చుట్లు తిరిగాడో.

రాత్రి గాలి మారింది.
తుందుక్ మీదికి కప్పు లాగే తాడు
గోడవారగా వేలాడుతోంది.
ఒక్క తాడు.
నన్ను లాగనివ్వండి అన్నాను.
కప్పు సగం దాకా వచ్చి ఆగింది.
ఆ సగంలో రెండు చుక్కలు, కాస్త మబ్బు.

"పక్కకి లాగు, గట్టిగా" అంది బురులచ,
పిండి చేతులతో,
"వానొస్తోంది."