ఓరచూపు

ఈగిల్‌హాక్‌లో, రేకుల షెడ్డులో,
ఎనిమిది నెలలు గాజుతో గాజును నూరాం.
పది అంగుళాల పళ్ళెం పైన, దాని జత కింద,
నడుమ నీళ్ళూ కార్బొరండం పొడీ.
పీపా చుట్టూ నడవాలి నేను, మూడు తోపులకో అడుగు.
డెస్ ట్రెగియర్ కుర్చీలో కూర్చుని చప్పుడు వింటాడు.
"గరగర పోయింది సోడా, కడిగి సన్నపొడి వెయ్యి."
సౌదామిని ఆయన నోట పట్టే పేరు కాదు.

"మీ భాషలో ఈ పనినేమంటారు?"
గంధమైతే తీయడం, మందైతే నూరడం,
పిండైతే రుబ్బడం, కత్తికైతే సాన,
చెప్పులైతే వాటంతటవే అరుగుతాయి.
"మరి గాజుకి?"
గాజుకి మాట వెతుకుతూ
ఇంకో రెండు చుట్లు తిరిగాను.

నడిమధ్య లోతు నాలుగు మిల్లీమీటర్లు.
రెండు గుక్కల నీళ్ళు పట్టే గుంట.
దానికోసం ఒక ఎండాకాలం పోయి, చలి పోయి,
మ్యాగ్‌పైలు పిల్లల్ని కని మా నెత్తులు పొడిచే రోజులొచ్చాయి.

రాత్రిళ్ళు పరీక్ష.
రెండు మీటర్ల దూరాన గడ్డం గీసే బ్లేడూ చుక్కంత దీపమూ.
వెలుగును బ్లేడుతో కోస్తే అద్దం అరిసెలా ఉబ్బి కనిపిస్తుంది.
వెంట్రుకలో వందోవంతు తప్పుకి
ఎక్కడ నీడ పడిందో నేను చెప్పాలి,
ఎక్కడ రుద్దాలో ఆయన చెబుతాడు.
రైల్వే వర్క్‌షాపులో నలభై ఏళ్ళు ఇరుసులు కొలిచిన కళ్ళకి
ఇప్పుడు నడుమ బూడిద మచ్చ.
ఎవర్ని చూసినా మొహం ఉండదట, చెవులుంటాయట.
నావి మంచి చెవులని మెచ్చుకున్నాడు.

ఒకనాడు తడుముకుంటూ వెళ్ళి
అద్దం మీద బొటనవేలు ఆనించి, పది లెక్కపెట్టి తీశాడు.
"చూడు."
గుట్ట!
వేలి వేడికి గాజు లేచి, కొండంత నీడేసుకుని నిలబడి,
నేను చూస్తుండగానే కుంగి, కుంగి, చదునైపోయింది.
"ఎంతసేపు?"
"ఏడు నిమిషాలు."
"పోయిన అద్దానికి తొమ్మిది పట్టింది.
చేతులు చల్లబడుతున్నాయన్నమాట."

మెల్‌బోర్న్ వెళ్ళి వెండిరంగు పూసుకొచ్చిందది.
కాంక్రీటు స్తంభాలు పోసే అట్టగొట్టంలో కూర్చోబెట్టాం.
బరువు తూకానికి ఎవరో మానేసిన జిమ్ము బిళ్ళలు.
అక్టోబరు, చంద్రుడు లేడు.
పిల్లలకోడి ఉత్తరాన తలకిందులుగా మేస్తోంది.
నడినెత్తిన శిల్పి మండలం, అందులో మా గెలాక్సీ.
నలభై ఫోటోలు, ఒక్కోటి మూడు నిమిషాలు.
రెండు గాలికి వణికాయి. ఒకదాన్ని ఉపగ్రహం గీరింది.
ఒకటి, పక్కింటి కుక్క తోకాడిస్తే వెలిగే లైటు మింగేసింది.

మూడింటికి కెమెరా విప్పి ఐపీస్ బిగించాను,
ఊరికే, మర్యాదకి.
ఆయన వంగాడు. చాలాసేపు లేవలేదు.
"ఉంది. ఇనప రజను ఏటవాలుగా ఊదినట్టుంది.
కింద ఎడమన ఇంకోటి. ఊపిరి తగిలితే పోయేంత."
నేను చూశాను. రెండోది లేదు.
మళ్ళీ చూశాను. చీకటి.

మసకవి సూటిగా చూస్తే పోతాయి,
కంటి నడిమికి చీకటి తెలియదు, అంచులకే తెలుసు.
ఓరగా చూడమని పుస్తకాలన్నీ చెబుతాయి.
ఆడపిల్లకి ఓరచూపులేంటని కసిరిన ఇంట్లో పెరిగాను,
అలవాటు కాలేదు.
ఆయనకిప్పుడు వేరే చూపు లేదు.
వయసు, నిద్రమత్తు అనుకున్నాను. పైకి అనలేదు.

ఆదివారం ముప్పై ఆరింటినీ ఒకదానిపై ఒకటి పేర్చాను.
పేర్చి, తుడిచి, మెరుగుపెట్టి,
కాసేపటికి వెనక్కి వెళ్ళాను,
ధూళి మచ్చనుకుని నేనే చెరిపేసిన చోటికి.
కెమెరాకి అది పైన కుడివైపు.
ఊకపొట్టంత. ఉంది.

ఫోన్ చేశాను. ఆశ్చర్యపోతాడేమోనని.
"దాని పక్క నక్షత్రాలు గుండ్రంగా ఉన్నాయా, తోకలున్నాయా?"
"దాదాపు గుండ్రమే."
"దాదాపా?"
ఫోను బల్లమీద పెట్టిన చప్పుడు.
దూరంగా, షెడ్డు తాళాలు వెతుకుతున్న చప్పుడు.