పదకొండో కేబుల్

రాత్రి ఒంటిగంటకు వంతెన మూసేశారు.
బారికేడ్ల దగ్గర పార్సిళ్ల పిల్లగాడొకడు
"ఎందుకు బంద్ అన్నా?" అని అడిగి
జవాబు వినకుండానే బండి తిప్పుకుని పోయాడు.

రంగు లైట్లు ఆర్పించాం.
అవి ఆరాకే తెలిసింది
దుర్గం చెరువు ఎంత నల్లగా ఉంటుందో,
ఒడ్డున బండలు ఒకదాని మీద ఒకటి
ఏ డ్యాంపరూ లేకుండా ఎన్నాళ్లుగా నిలబడ్డాయో.

నా సంచిలో సెన్సర్, లాప్‌టాప్, మూడు బిస్కెట్లు.
ఖుద్దూస్ భాయ్ చేతిలో ఒక పానా.
బోరబండలో ఇరవై ఏళ్లు
స్కూటర్ల షాకబ్జర్లు బాగుచేసిన చెయ్యి అది.
"అదే నూనె మేడమ్, అదే పిస్టన్.
సీటు మీద కూసునేది గాలి, అంతే ఫరక్."

తుఫానొస్తే ఊగుతుందనుకుంటారు అందరూ.
తుఫాను సంగతి వేరే.
నాకు భయం సన్నటి తుంపరంటే,
దానికి తోడు ఓ మోస్తరు గాలంటే.
గొడుగు తెరవాలా వద్దా అని ఆలోచించేంత వాన,
అప్పుడు కేబుల్ వీపు మీద ఒక నీటి చార పుడుతుంది.
వేలెడు వెడల్పు ఉండదు.
అది అటు జరిగి, ఇటు జరిగి
గుండ్రటి ఒంటికి ఇంకో ఆకారం ఇస్తుంది.
గాలికి పట్టు దొరుకుతుంది.
అంత ఉక్కూ
ఒక నీటి గీత చెప్పినట్టు ఆడుతుంది.

అందుకే తొడుగు చుట్టూ మెలికలు తిరిగిన ఆ సన్నని గట్టు,
చారను కుదురుకోనివ్వకుండా
అడుగడుక్కీ చెదరగొట్టడానికి.
సెల్ఫీల్లో అది డిజైను.

శ్రీశైలం నడుముకు బెల్టు బిగించుకుని
తాడు వేసి లాగాడు, పట్టి ఉంచాడు, వదిలాడు.
లెక్కపెట్టాం.
పదోది పద్నాలుగు ఊపుల్లో ఊరుకుంది.
పదకొండోది అరవై దాటినా
ఇంకా ఏదో చెప్పాలన్నట్టే ఉంది.
దాని డ్యాంపర్ కింద నూనె మరక,
అరచెయ్యంత.

"కదలకుండా బిగించెయ్యండి భాయ్" అన్నాను.
నిద్ర అనిపించింది ఆ మాట.
ఆయన నవ్వలేదు.
"బిగిస్తే ఈడ ఆగుతది.
ఈడికెల్లి పైకి మళ్ల షురూ చేస్తది.
వదులుగ పట్టుకుంటే లెక్కనే చెయ్యది.
నడుమ ఒక జాగ ఉంటది మేడమ్,
దాంతోని జర దూరం పోవాలె,
పోకుంట పోకుంట గుంజుకోవాలె."

నాకది సమీకరణంగా తెలుసు.
పరీక్షలో పది మార్కులకు రాశాను.
మొన్న ఫోనులో అక్క ఏడుస్తుంటే
"ఊరుకో, ఇంక ఊరుకో" అని
బిగించిందీ నేనే.

సీలు మార్చాం. నూనె నింపాం.
మూడున్నరకు మళ్లీ లాగాడు శ్రీశైలం.
పదమూడు దగ్గర నా గొంతు ఆగింది.
తెర మీద గీత పడుకుంది.

"వణుకు ఏడికి పోయింది మేడమ్?"
నూనెలోకి, వేడిగా మారి, అన్నాను.
వాడు గ్లౌజు తీసి
డ్యాంపర్ మీద అరచెయ్యి పెట్టాడు.
"అవ్, వెచ్చగుంది."
లెక్క ప్రకారం చేతికి తెలిసేంత వేడి పుట్టదు.
వాడి చెయ్యే చల్లబడి ఉంటుంది.
ఆ మాట అనలేదు.
నేనూ పెట్టి చూశాను.

మాదాపూర్ వైపు నుంచి తుంపర మొదలైంది.
బారికేడ్లు తియ్యమని ఫోనొచ్చింది.
ఇంకో ఐదు నిమిషాలు అన్నాను.
ముగ్గురం తలలెత్తి
పదకొండోదాన్ని చూస్తూ నిలబడ్డాం.
చేతుల్లో బిస్కెట్లు మెత్తబడ్డాయి.